మీరు రాసిన వరుస మీద ఇంకొకరి విమానం

సోమవారం తెల్లవారుజామున 4.45కి హైదరాబాద్ నుంచి కువైట్‌కు ఒక విమానం లేవాలి. మా కంప్యూటర్లలోని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఆ వేళకు అది శంషాబాద్‌లో ఉన్నచోటు నుంచి కదలలేదు. మర్నాడు మంగళవారం, దానికి అసలు కువైట్ ట్రిప్పే లేని రోజున, అదే 4.45కి లేచి వెళ్లిపోయింది. ఆ విమానం ఎప్పుడు లేవాలో చెప్పే వరుసను ఫైల్‌లో రాసింది నేను. తప్పు పట్టుకున్నది నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే కుర్రాడు.

"అన్నా, సోమవారం కువైట్ విమానం లేస్తలేదు. మంగళవారం లేస్తున్నది. మంగళవారం కువైట్ ట్రిప్పే లేదు గదా?"

"లైన్ సరిగానే రాసినట్టు గుర్తు తమ్ముడూ."

"నేను చూసిన అన్నా. నువ్వు టైమ్ మార్చినవ్. రోజు మార్చలే."

అతను చెప్పింది నిజం. సిమ్యులేటర్ మన గడియారం చూడదు. ప్రపంచమంతా వాడే యూటీసీ కాలాన్ని చూస్తుంది. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందు. సోమవారం తెల్లవారుజామున 4.45 అంటే యూటీసీ ప్రకారం ఆదివారం రాత్రి 11.15. నేను అయిదున్నర గంటలు తీసేసి 23.15 అని సరిగ్గానే వేశాను. రోజు మాత్రం సోమవారంగానే ఉంచాను. ఆ ఒక్క మాటతో విమానం ఒక రోజు వెనకబడింది. మంగళవారం కువైట్‌లో దిగింది. దాని తిరుగు ట్రిప్పు సోమ, గురు, శనివారాల్లోనే ఉంది కాబట్టి గురువారం దాకా అక్కడే నిలిచిపోయింది. మంగళ, బుధవారాల్లో అదే విమానం తిప్పాల్సిన విశాఖ ట్రిప్పులు మాయమయ్యాయి. విశాఖ నుంచి చూసే ఆటగాడికి కువైట్ సంగతి తెలియదు. హైదరాబాద్ విమానం ఎందుకు రాలేదో అతనికి ఎప్పటికీ అర్థం కాదు.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకొకటి ఉంది. తెల్లవారుజామున లేచే విమానాలు నా ఫైల్‌లో ఇంకా చాలా ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఇదే తప్పు చేశాను. కానీ అవి రోజూ ఎగిరేవి. ఏడు రోజులూ ఒక్కో రోజు జరిగినా చివరికి అవే ఏడు రోజులు. అందుకే తప్పు బయటపడలేదు. వారానికి మూడు రోజులే ఉన్న ఒక్క కువైట్ ట్రిప్పు దాన్ని పట్టించింది. మీ పనిని పరీక్షించుకునేటప్పుడు సాఫీగా సాగేచోట చూడకండి. రోజువారీ పనులు మన అజాగ్రత్తను కప్పేస్తాయి. అరుదుగా వచ్చే సందర్భాన్ని, అంచున ఉన్నదాన్ని, మామూలు లెక్కకు లొంగనిదాన్ని ముందు తీసి చూడండి.

ఈ పని ఏమిటో చెప్పాలి. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ఉంది. ఉచితం. 1996లో డేవిడ్ మర్ అనే ఆయన ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతిపాదనతో మొదలైంది, 1997లో మొదటి రూపం బయటికొచ్చింది. అప్పటి నుంచి దేశదేశాల వాలంటీర్లు దాన్ని కడుతూనే ఉన్నారు. అందులో మీరు విమానం నడపొచ్చు. కానీ చుట్టూ వేరే విమానాలు లేకపోతే శంషాబాద్ సంక్రాంతి నాటి ఉప్పల్ క్రాస్‌రోడ్స్‌లా బోసిగా ఉంటుంది. ఆ సందడి కోసం ప్రతి విమాన సంస్థకూ ఒక ట్రాఫిక్ ఫైల్ ఉంటుంది. ఏ రకం విమానం, దాని మీద ఎవరి రంగులు, రిజిస్ట్రేషన్ ఏమిటి, సొంత గూడు ఏ ఊరు, వారంలో ఏ రోజు ఏ వేళకు ఎక్కడ లేస్తుంది, ఎంత ఎత్తున పోతుంది, ఎక్కడ దిగుతుంది. ఇవన్నీ ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఒక్కో వరుసగా రాయాలి. ఒక మనిషి రాయగలిగినంత కాదిది. అందుకే నలుగురూ తలా కొంత రాసి ఒకచోట చేర్చాలి. మేం ఉప్పల్, నాచారం, మల్లాపూర్, హబ్సిగూడల్లో ఉండే కొద్దిమందిమి సాయంత్రాలు కూర్చుని మన వైపు విమానాల వరుసలు రాస్తుంటాం.

ఇది ఆటే కదా, ఇందులో వ్యక్తిత్వం ఏముంది అంటారా? వ్యక్తిత్వాన్ని కొలవడానికి నాకు దొరికిన అత్యుత్తమ కొలమానం ఇదే. మిమ్మల్ని అడిగే అవకాశం లేని మనిషి, మీ ముఖం కూడా ఎరగని మనిషి, మీరు చేసిన పనిని నమ్మి ముందుకు పోగలడా? ఇంటర్వ్యూలో చెప్పే ధైర్యపు మాటలు, అద్దం ముందు సాధన చేసిన చిరునవ్వు అక్కడ పనికిరావు. అక్కడ వరుస ఒక్కటే మాట్లాడుతుంది. ఉద్యోగంలో, ఇంట్లో, అపార్ట్‌మెంట్ కమిటీ లెక్కల పుస్తకంలో కూడా మీ తరఫున నిలబడేది మీరు రాసి వదిలిన వరుసే.

చిన్న వాటా, పూర్తి వాటా

కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట అంటారు: "నేను ఇండియా మొత్తం చేస్తాను." వారం తర్వాత కనబడరు. అలాంటివాళ్లకు నేను బేగంపేట కథ చెబుతాను. విమానాశ్రయం కథ కాదు, దాని చుట్టుపక్కలే ఉన్న నిజామియా వేధశాల కథ.

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమై ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచి ఒకే పట్టిక చేయాలని తీర్మానించారు. ఏ ఒక్క దేశం వల్లా అయ్యే పని కాదు. అందుకని ఆకాశాన్ని పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ ఒక్కో వేధశాలకు పంచారు. దాదాపు ఇరవై వేధశాలలు చేతులు కలిపాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ చిలీలోని సాంటియాగోకు పడింది. అక్కడ పని జరగలేదు. ఆ పట్టీని హైదరాబాద్ తీసుకుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత డబ్బుతో మొదలుపెట్టిన వేధశాల అది. 1908లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి చేరింది. ఆ విశ్వవిద్యాలయం గోడ మన హబ్సిగూడ నుంచి కనబడేంత దగ్గర. చాట్‌వుడ్, పోకాక్ తర్వాత టి.పి. భాస్కరన్ దానికి డైరెక్టరయ్యారు. గాజు పలకల మీద పడిన ఒక్కో చుక్కనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలిచారు. తమ పట్టీ పూర్తయ్యాక ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీలో మిగిలిపోయిన పని కూడా ఎత్తుకున్నారు. చివరికి 12 సంపుటాలు, 7,63,542 నక్షత్రాలు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక చుక్క కొలిచి అంకె రాసుకున్న ఆ ఉద్యోగి పేరు మనకెవరికీ తెలియదు. అతను ఆ సాయంత్రం అలసిపోయి ఉండొచ్చు. ఒక అంకె ఉజ్జాయింపుగా వేసినా అప్పటికి అడిగేవాళ్లు లేరు. అయితే 2000 సంవత్సరంలో యూరప్, అమెరికా శాస్త్రవేత్తలు 25 లక్షల నక్షత్రాలతో టైకో-2 అనే పట్టిక ప్రచురించారు. ఉపగ్రహం ఇచ్చిన స్థానాలను పాత స్థానాలతో పోల్చి, ఏ నక్షత్రం ఎటు ఎంత జరిగిందో లెక్క కట్టారు. ఆ పాత స్థానాలకు ముఖ్యమైన ఆధారం నూరేళ్ల కిందట వేధశాలలన్నీ కలిసి చేసిన ఆ పట్టికే. హైదరాబాద్‌లో కొలిచిన చుక్కలూ అందులో ఉన్నాయి. ఆకాశంలోకి ఉపగ్రహాన్ని ఎవరూ పంపని రోజుల్లో మన ఊళ్లో ఒకరు నిక్కచ్చిగా వేసిన అంకె ఉపగ్రహ యుగానికి పనికొచ్చింది. నాకు ఈ ఊరి మీద గర్వం కలిగించే విషయాల్లో చార్మినార్ తర్వాతి స్థానం దీనిదే.

కాబట్టి మీ పట్టీ ఎంతో ముందే చెప్పండి. "హైదరాబాద్–తిరుపతి మధ్య తిరిగే విమానాలు, ఈ వేసవి షెడ్యూల్ వరకు" అన్నారనుకోండి, అది వాటా. "వీలైనంత చేస్తాను" అంటే అది వాటా కాదు. అలా అన్నవాళ్ల మీద ఎవరూ ఏదీ కట్టలేరు. అంతకంటే ముఖ్యం, చేయలేకపోతే ఆ మాట వెంటనే చెప్పడం. సాంటియాగో పట్టీని హైదరాబాద్ తీసుకోగలిగింది అది ఖాళీగా ఉందని అందరికీ తెలియబట్టే. మా పట్టికలో ప్రతి సంస్థ పేరు ఎదుట ఒక గడి ఉంటుంది: ఎవరు చేస్తున్నారు, ఎప్పటికి. గడువు దాటితే పేరు తీసేస్తాం. నిష్ఠూరం ఏమీ లేదు. ఇంకొకరు తీసుకుంటారు.

గొలుసు కలవాలి

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన సర్వేయర్లు అక్కడ నేర్చుకుంటారు. నేల కొలిచేవాళ్లకు ఒక పాత అలవాటుంది. ఒక గుర్తు దగ్గర మొదలై, మలుపు మలుపుకూ కోణం, దూరం రాసుకుంటూ చుట్టి వచ్చి, మళ్లీ మొదటి గుర్తు దగ్గరే ముగిస్తారు. లెక్కంతా వేశాక అంకెలు కూడా మొదటి గుర్తు దగ్గరికే చేరాలి. చేరకపోతే ఎంత తేడా వచ్చిందో అంత తప్పు దారిలో ఎక్కడో ఉందన్నమాట. పల్లెలో గొలుసు పట్టిన పెద్దవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ముప్పై మూడు అడుగుల చదరం గుంట. గొలుసులో ఒక కడి పొరపాటైతే గట్టు పక్కవాడి పొలంలోకి పోతుంది, రెండు తరాలు మాటలుండవు.

విమానాల వరుసలకూ సరిగ్గా ఇదే పరీక్ష. ఒక విమానం వారమంతా చేసే ట్రిప్పులను వరుసగా రాయండి. హైదరాబాద్ నుంచి విశాఖ, విశాఖ నుంచి చెన్నై, చెన్నై నుంచి హైదరాబాద్. ప్రతి ట్రిప్పూ మొదలయ్యే ఊరు అంతకుముందు ట్రిప్పు ముగిసిన ఊరే కావాలి. దిగడానికీ మళ్లీ లేవడానికీ మధ్య ప్రయాణికులు దిగి ఎక్కేంత వ్యవధి ఉండాలి. వారం చివర విమానం మొదలైన చోటికి చేరాలి. ఎక్కడైనా కడి తెగితే ఆ విమానం అక్కడే నిలబడిపోతుంది. కంప్యూటర్ తప్పు అని అరవదు. నిశ్శబ్దంగా ట్రిప్పు మానేస్తుంది, అంతే. నా కువైట్ విమానం చేసింది అదే. నేను ఒక్కో వరుసనూ విడిగా చూసుకుని అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాను. చుట్టి రాలేదు.

చుట్టి రావడం అంటే ఏమిటో మన దేశపు విమాన చరిత్రలో ఒక అందమైన ఉదాహరణ ఉంది. 1949లో రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు. నాలుగు మహానగరాల నుంచి నాలుగు విమానాలు ఉత్తరాల సంచులతో రాత్రి లేచి నాగ్‌పూర్ చేరేవి. అర్ధరాత్రి వేళ అక్కడ సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయేవారు. నాలుగూ ఒకచోట కలిస్తేనే ఆ ఏర్పాటుకు అర్థం. మూడు వేళకు వచ్చి ఒకటి రాకపోతే ఆ మూడూ రన్‌వే పక్కన చీకట్లో ఎదురుచూడాలి. అదే కాలపు సంస్థ, బేగంపేట కేంద్రంగా 1945లో పుట్టిన మన దక్కన్ ఎయిర్‌వేస్ పాత ట్రిప్పులను సిమ్యులేటర్‌లోకి తేవాలని నాకు చాలాకాలంగా కోరిక. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన ఆ సంస్థ 1953లో జాతీయీకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. నమ్మదగిన పాత టైమ్‌టేబుల్ చేతికొచ్చేదాకా ఒక్క వరుస కూడా రాయను. ఊహించి రాస్తే చూడ్డానికి బాగుంటుంది. తర్వాత వచ్చేవాళ్లు దాన్ని చరిత్ర అనుకుంటారు. ఆ పాపం నాకొద్దు.

మీ పనిలో నాగ్‌పూర్ ఏదో కనిపెట్టండి. మీ పనికోసం ఎవరు ఎక్కడ ఎదురుచూస్తున్నారో తెలిస్తే ఆలస్యం చేసేటప్పుడు మనసు ఒప్పుకోదు. ఆఫీసులో శుక్రవారం సాయంత్రం మీరు పంపే పట్టిక మీద సోమవారం ఇంకో అమ్మాయి జీతాల లెక్క వేస్తుందనుకోండి. ఒకసారి ఆమె కుర్చీ దగ్గరికి వెళ్లి, ఆ పట్టికతో ఏం చేస్తుందో పక్కన నిలబడి చూడండి. పది నిమిషాలు చాలు. మీరు పట్టిక తయారుచేసే తీరు ఆ వారం నుంచే మారుతుంది.

రెండు హైదరాబాద్‌లు

"హైదరాబాద్" అని రాస్తే సరిపోతుందనుకుంటాం. పాకిస్తాన్ సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది. దాని విమానాశ్రయం కోడ్ ఓపీకేడీ. మనది వీఓహెచ్‌ఎస్. బేగంపేటది వీఓహెచ్‌వై. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి. అంతకుముందు రోజుల షెడ్యూల్ రాసేవాళ్లు వీఓహెచ్‌వై వాడాలి, తర్వాతివాళ్లు వీఓహెచ్‌ఎస్. టికెట్ మీద కనబడే హెచ్‌వైడీ అనే మూడక్షరాలు మాత్రం ఊరితోపాటు కొత్త విమానాశ్రయానికి వెళ్లిపోయాయి. విమాన సంస్థలకూ ఇలాగే ఒకటికి మించిన పేర్లు. ఇండిగో టికెట్ మీద 6ఈ అని ఉంటుంది. ట్రాఫిక్ ఫైల్‌కు కావాల్సింది ఐజీఓ. పైలట్ రేడియోలో పలికేది ఐఫ్లై. స్పైస్‌జెట్ ఎస్‌జీ అక్కడ ఎస్‌ఈజే అవుతుంది. అన్నీ నిజమే. ఏది ఎక్కడ వాడాలో తెలియాలి.

గొడవల్లో సగం ఇలాగే పుడతాయని నా అనుభవం. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఒకరు బేగంపేట గురించి, ఇంకొకరు శంషాబాద్ గురించి. గొంతు పెంచే ముందు "మనం ఒకే కోడ్ వాడుతున్నామా?" అని అడగండి. భార్యాభర్తల మధ్య "రేపు పొద్దున" అనే మాటకు కూడా రెండు అర్థాలుంటాయి. ఒకరికి ఆరు గంటలు, ఒకరికి టిఫిన్ అయ్యాక.

ఏ ఊరి గురించి రాస్తున్నామో కళ్లతో చూసిన అనుభవం కూడా కావాలి. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పు నుంచి దిగే విమానాలు మౌలాలి, మల్లాపూర్, నాచారం వైపు నుంచి కిందికి వచ్చేవి. నా చిన్నప్పుడు డాబా మీద వడియాలు ఆరబెట్టే వేళకు తోక మీద రంగు చూసి అది ఎవరిదో చెప్పేవాళ్లం. శంషాబాద్ వచ్చాక ఆ చప్పుడు ఒక్క రాత్రిలో ఆగిపోయింది. మా అమ్మ కొన్నాళ్లపాటు "ఇవాళ పదిన్నర విమానం రాలేదు" అనేది. ఆమెకు అదే గడియారం. ఇప్పటికీ నేను వరుసలు రాసేటప్పుడు ఒక్కో విమానాన్నీ అలా తల ఎత్తి చూసే ఒక మనిషి ఉంటుందని గుర్తుపెట్టుకుంటాను. ఇప్పుడు తల ఎత్తకుండానే చూసే దారీ ఉంది. ఆకాశంలో నిజంగా పోయే విమానాలు తమ స్థానాన్ని 1090 మెగాహెర్ట్‌జ్ మీద తామే ప్రకటిస్తూ పోతుంటాయి. వాలంటీర్ల ఇళ్ల మీది చిన్న రిసీవర్లు ఆ కబుర్లు పట్టి ఒకచోట పోగుచేస్తే ఓపెన్‌స్కై నెట్‌వర్క్ లాంటి ఉమ్మడి భాండాగారాలు పుట్టాయి. స్విట్జర్లాండ్, జర్మనీ, బ్రిటన్ పరిశోధకులు మొదలుపెట్టిన ఆ పని ఇప్పుడు ప్రపంచమంతా పరిశోధనలకు ముడిసరుకు. అక్కడా సూత్రం అదే. ఒక్కో డాబా ఒక్కో ఆకాశపు ముక్క.

తప్పు చూపినవాళ్ల ముందు

కుర్రాడి మెసేజ్ వచ్చినప్పుడు నాకు మొదట వచ్చిన మాట "సరిగానే రాసినట్టు గుర్తు." గమనించండి, నేను ఫైల్ తెరవలేదు. జ్ఞాపకాన్ని సాక్ష్యంగా నిలబెట్టాను. అతను ఫైల్ చూసి మాట్లాడుతున్నాడు, నేను పరువు చూసి మాట్లాడుతున్నాను. ఆ రెండు వాక్యాల మధ్య తేడా నాకు అర్థం కావడానికి ఒక రాత్రి పట్టింది. మర్నాడు అతనికి ఫోన్ చేసి "తప్పు నాదే తమ్ముడూ, ఏ లైన్లో ఉందో చెప్పు, దిద్దుతా" అన్నాను. అతను ఒక్క లైన్ చెప్పలేదు. తెల్లవారుజామున 5.30కి ముందు లేచే విమానాలన్నిటినీ రాత్రంతా కూర్చుని వేరు చేసి పంపాడు. "ఇవన్నీ చూడాలె అన్నా, కువైట్‌ది ఒక్కటే కాదు" అన్నాడు.

వయసులో సగం ఉన్నవాడు మన పనిలో లోపం చూపిస్తే ఏం చేయాలి? ముందు ఫైల్ తెరవండి. జవాబు తర్వాత. చూసి, అతను చెప్పింది నిజమైతే "అవును" అన్న మాట మొదట రావాలి. "అవును కానీ" కాదు. ఆ "కానీ" వెనక వచ్చేదంతా మన గౌరవాన్ని మనమే మోయడానికి పెట్టుకున్న కూలీ. అతని పేరు మార్పుల పట్టికలో రాయండి. మా దగ్గర దిద్దిన ప్రతి వరుస పక్కనా ఎవరు పట్టుకున్నారో ఉంటుంది. ఆ పిల్లాడి పేరు ఇప్పుడు ఇరవైకి పైగా చోట్ల ఉంది. వాళ్ల నాన్న మల్లాపూర్ వైపు లేత్ మిషన్ షాపులో పనిచేస్తాడు. కొడుకు కంప్యూటర్ ముందు కాలం వృథా చేస్తున్నాడని కోపంగా ఉండేవాడు. ఒకరోజు ఆ పట్టిక చూపించాను. ఆయన ఇంకేమీ అడగలేదు. "ఇంచులో వెయ్యో వంతు తేడా వస్తే మా దగ్గర పీసు వాపస్ వస్తది సార్. వీడు చేసేది అదే పని లెక్కనే ఉన్నది" అన్నాడు.

తప్పు చూపేవాళ్లకు కూడా ఒక మాట. కుర్రాడు "నీ ఫైల్ అంతా తప్పు" అనలేదు. ఏ రోజు, ఏ వేళ, ఏం జరగాలి, ఏం జరిగింది అన్నాడు. ఆ నాలుగూ చెబితే ఎదుటివాళ్లు కోపగించుకోవడానికి చోటే ఉండదు. చెప్పకుండా "బాలేదు" అంటే దిద్దుకోవడానికీ చోటుండదు.

మార్చి చివరి ఆదివారం

ఈ పనిలో అందరినీ వడపోసేది కష్టం కాదు, మళ్లీ చేయాల్సి రావడం. విమానాల వేసవి షెడ్యూల్ మార్చి చివరి ఆదివారం మొదలవుతుంది. శీతాకాలపు షెడ్యూల్ అక్టోబర్ చివరి ఆదివారం. ఏటా రెండుసార్లు, మీరు కళ్లు కాయలు కాచేలా రాసిన వరుసల్లో చాలా భాగం పాతబడుతుంది. పౌర విమానయాన డైరెక్టరేట్ ఆమోదించిన కొత్త షెడ్యూల్ వస్తుంది, మళ్లీ మొదటి నుంచి సరిచూడాలి. మొదటిసారి రాసేవాళ్లు బోలెడుమంది. రెండో మార్చికి మిగిలేవాళ్లు కొద్దిమంది. నేను స్నేహితులను ఎంచుకునేది ఆ కొద్దిమందిలోంచే.

మధ్యలో సంస్థలే మాయమవుతాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. 2023 మే మొదట్లో గో ఫస్ట్ ఆగిపోయింది. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. మన హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ 2015 జూలైలో మొదలైంది. ఏటీఆర్ 72 విమానాలతో తిరుపతికి, రాజమండ్రికి ఎగిరింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద కడపకు తొలి ట్రిప్పు వేసింది. ఆ కడప విమానం వరుస రాసిన రోజు నాకు గుర్తుంది. ఎన్నాళ్లో బోసిగా ఉన్న విమానాశ్రయంలో మన సిమ్యులేటర్‌లో కూడా ఒక రెక్క కదిలింది. తర్వాత సంస్థ మూతపడింది. ఆ ఫైల్ ఏం చేయాలన్నది మాలో పెద్ద చర్చ. తీసేయాలని కొందరు, ఉంచాలని కొందరు. చివరికి "ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు" అని గుర్తు పెట్టి పాత ఫైళ్ల అరలో భద్రం చేశాం. ఇప్పటి ఆకాశంలో అవి కనిపించవు. 2018లో ఒక సాయంత్రం ఎలా ఉండేదో చూడాలనుకునేవాడికి దొరుకుతాయి. మీ పనిలో చెల్లిపోయిన భాగాన్ని ఒప్పుకుని పక్కన పెట్టడం కొత్తది రాయడమంత ముఖ్యం. చచ్చిన వరుస పట్టికలో ఉంటే బతికినవాటిని కూడా ఎవరూ నమ్మరు.

మీరు సిమ్యులేటర్ ముట్టకపోయినా ఇది ఈ ఆదివారం చేయొచ్చు. ఇంట్లోనో ఆఫీసులోనో మీరు రాసి నలుగురూ వాడే ఏదో ఒక పట్టిక తీయండి. వాచ్‌మన్ జీతం లెక్క కావచ్చు, బడి వ్యాన్ సమయాలు కావచ్చు, అమ్మ మందుల చీటీ కావచ్చు. ప్రతి వరుసకూ రెండు గడులు కలపండి: ఇది ఎక్కడి నుంచి తెలిసింది, ఎప్పుడు సరిచూశాను. మందుల చీటీలో ఒక వరుస దగ్గర మీ కలం ఆగుతుంది, చూడండి. ఆ వరుస నుంచి మొదలుపెట్టండి.

కుర్రాడి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఈసారి కడప వరుసలు అతనికి అప్పజెప్పాను. మొన్న ఉప్పల్ మెట్రో కింద టీ తాగుతుంటే ఫోన్ చేశాడు.

"అన్నా, కడప విమానం బుధవారం ఉన్నదని షెడ్యూల్‌ల ఉన్నది. టికెట్లు అమ్మేకాడ చూస్తే లేదు. ఏది రాయాలె?"

"నువ్వేమంటావు?"

కొంచెంసేపు మాట్లాడలేదు. "టికెట్లు అమ్మని విమానం ఎగరది గదా అన్నా. బుధవారం తీసేస్త. కానీ షెడ్యూల్‌ల ఉన్నదని పక్కన రాస్త, ఎప్పుడు చూసిననో రాస్త. రెండు వారాలైనంక మల్ల చూస్త."

రాత్రి పట్టిక తెరిచి చూశాను. బుధవారం గడి ఖాళీగా ఉంది. పక్కన తేదీ, దాని కింద అతను మళ్లీ చూడబోయే తేదీ.